విశ్వాన్ని కాపాడటం తేలిక

కాస్మిక్ సూపర్‌హీరో కామిక్స్ క్లైమాక్స్‌లో ఎవరైనా ప్రాణాలిచ్చారనగానే వినబడే మొదటి మాట, "ఆ, ఎలాగూ మళ్లీ వస్తాడుగా!" నిజమే, వస్తాడు. అప్పిచ్చినవాడు కూడా అంత ఠంచనుగా రాడు. కాకపోతే నా పేచీ ఆ తిరిగి రావడంతో కాదు. ఈ త్యాగాల్లో చాలావాటికి పోయేటప్పుడే పస ఉండదు. హీరో తిరిగొచ్చాక తేలిపోయిందనుకుంటాం గానీ, మొదట్నుంచీ అది అంత బరువైనదేమీ కాదు.

ఒకసారి లెక్క వేసి చూడండి. తక్కెడలో ఒక పక్క ఒక్క ప్రాణం. రెండో పక్క లెక్కలేనన్ని గ్రహాలు, వాటి మీద ఉన్న సమస్త జీవకోటి, అందులోనే ఆ హీరో తల్లిదండ్రులు, ప్రేమించిన మనిషి, తోటి హీరోలు. ఇంకా చెప్పాలంటే ఆ రెండో పక్కన ఆ హీరో కూడా ఉన్నాడు. విశ్వమే పోతే తనెక్కడుంటాడు? ముందుకు దూకినా చావే, వెనక్కి తగ్గినా చావే. అలాంటప్పుడు ముందుకు దూకడాన్ని తెలివి అనొచ్చు, ధైర్యమనీ అనొచ్చు. త్యాగం అనడానికి మాత్రం నాకు నోరు రాదు. వదులుకోవడానికి అతని చేతిలో ఏదో ఒకటి మిగిలి ఉండాలి కదా.

శిబి చక్రవర్తి కథ ఇన్ని తరాలు నిలబడిందంటే అటువైపు ఉన్నది ఒక పావురం కాబట్టి. రాజు తొడ కోసి ఇటు వేస్తున్నాడు, అటు చూస్తే గుప్పెడంత పిట్ట. వింటున్నవాడికి ఒళ్లు జలదరిస్తుంది, "ఇంత అవసరమా?" అనిపిస్తుంది. పావురం బదులు ముల్లోకాలనూ కూర్చోబెట్టి ఉంటే "మరి తప్పదు కదా" అనుకుని ఇంకో కథకి వెళ్లిపోయేవాళ్లం. కాస్మిక్ కామిక్స్ రాసేవాళ్లు చాలామంది ముల్లోకాలనే కూర్చోబెడతారు. భూమి సరిపోకపోతే గెలాక్సీ, అదీ చాలకపోతే ఉన్న విశ్వాలన్నీ. పందెం పెరిగేకొద్దీ పాత్ర చేతిలో ఎంచుకోవడానికి మిగిలేది తగ్గిపోతుంది.

చెయ్యి తిరిగిన రచయితలకి ఈ సంగతి తెలుసు. వాళ్లు ఆ పెద్ద తూకం లోపల ఇంకో చిన్న తూకం పెడతారు. మనకి గుండె పట్టేసేది అక్కడ.

1967లో వచ్చిన అడ్వెంచర్ కామిక్స్ 353వ సంచిక తీసుకోండి. కథ 30వ శతాబ్దంలో జరుగుతుంది. సూర్యుళ్లను మింగుతూ తిరిగే సన్-ఈటర్ అనే మేఘం లాంటిది మన సూర్యుడి మీదికి వస్తోంది. లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్ కుర్రాళ్లు దిక్కుతోచక ఐదుగురు కరడుగట్టిన నేరస్థులతో చేతులు కలుపుతారు. చివరికి మిగిలిన ఉపాయం ఒకటే. ఒక బాంబును మోసుకుంటూ దాని నడిబొడ్డు దాకా వెళ్లాలి. వెళ్లినవాడు తిరిగి రాడు. ఇక్కడిదాకా మామూలు కథే. అయితే వెళ్లడానికి అప్పటికే ఒకడు సిద్ధంగా ఉన్నాడు, సూపర్‌బాయ్. ఒంట్లో శక్తులు సన్నగిల్లి ఉన్నా తనే వెళ్తానంటున్నాడు. ఫెర్రో ల్యాడ్ అతన్ని ఒక్క దెబ్బ కొట్టి పక్కకి తోసి, బాంబు లాక్కుని తను వెళ్లిపోతాడు.

ఆ ఒక్క దెబ్బతో కథ మొత్తం మారిపోయింది. సూర్యుడి కోసం చావడానికి ఇంకొకడు ఉండగా ఫెర్రో ల్యాడ్ వెళ్లాడంటే, అతను పోయింది సూపర్‌బాయ్ కోసం. ఒళ్లు ఇనుములా మార్చుకోగలగడం తప్ప పెద్దగా శక్తులేమీ లేనివాడు. జట్టులో చేరి ఎంతో కాలం కాలేదు. ముఖం ఎప్పుడూ ముసుగులోనే. పేరు ప్రఖ్యాతుల పరంగా చూస్తే సూపర్‌బాయ్ ముందు ఇతనెంత? ఆ "ఎంత" అన్నదే అక్కడ తూకానికి వచ్చింది, అదీ అతని లెక్క ప్రకారం. ఈ కథ రాసిన జిమ్ షూటర్ అప్పటికి ఇంకా టీనేజీలోనే ఉన్నాడు. ఫెర్రో ల్యాడ్‌ని పుట్టించిందీ అతనే. షూటర్ పేరు గుర్తుపెట్టుకోండి, ఇంకా పెద్ద చావు దగ్గర మళ్లీ తగులుతాడు.

విశ్వాల పందెం అనగానే ఎవరైనా చెప్పే పేరు క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ అర్త్స్. మార్వ్ వుల్ఫ్‌మన్ రాయగా జార్జ్ పెరెజ్ బొమ్మలు వేసిన 12 సంచికల సిరీస్, 1985-86లో వచ్చింది. యాంటీ-మానిటర్ అనేవాడు ఒక్కో విశ్వాన్నీ పలక మీద రాతలా తుడిచేస్తూ వస్తుంటాడు. మొదటి సంచికలోనే కోట్లమంది పోతారు. నిజం చెప్పాలంటే ఆ కోట్లమందిలో ఒక్కరి కోసమూ నాకు కన్ను చెమ్మగిల్లలేదు. 7వ సంచికలో మాత్రం అదే చేతులు, అదే కాగితాల మీద ఇంకోలా పనిచేశాయి.

అక్కడ సూపర్‌మ్యాన్ యాంటీ-మానిటర్ చేతిలో చావుదెబ్బలు తింటున్నాడు. సూపర్‌గర్ల్ వచ్చి పడుతుంది. ఈమె అసలు పేరు కారా, సూపర్‌మ్యాన్‌కి వరసకి చెల్లెలు. ఆమె వచ్చీ రావడంతోనే వాడి కవచం చితక్కొట్టేస్తుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఆమె ఓడిపోవడం లేదు. వాడు వెనక్కి తగ్గుతున్నాడు. ఆ ఊపులో ఆమె ఒక్క క్షణం తల తిప్పి, అన్నని ఇక్కడి నుంచి తీసుకెళ్లిపొమ్మని డాక్టర్ లైట్ అనే తోటి హీరోయిన్‌కి చెబుతుంది. ఆ తల తిప్పిన క్షణంలోనే దెబ్బ తగులుతుంది.

నా మటుకు సిరీస్ మొత్తానికి ఇదే క్లైమాక్స్. ఇంకా 5 సంచికలు మిగిలి ఉన్నా సరే. విశ్వాలను కాపాడటానికి తల తిప్పాల్సిన పనేమీ లేదు. అన్న గురించి ఆలోచించింది కాబట్టి తిప్పింది. పెరెజ్ కవర్ మీద గీసింది కూడా అదే. పగిలిన గ్రహాలు కావాలంటే గీసేవాడు, అలాంటివి గీయడంలో అతనికి సాటి లేరు. చెల్లెలి శవాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని ఏడుస్తున్న సూపర్‌మ్యాన్‌ని మధ్యలో పెట్టి, మిగతా హీరోలందర్నీ వెనక్కి నెట్టేశాడు.

8వ సంచికలో ఫ్లాష్, అంటే బ్యారీ ఆలెన్, చనిపోతాడు. ఫ్యాన్స్ దీన్నే ఎక్కువ తలుచుకుంటారు. సీన్ అద్భుతంగా ఉంటుంది, కాదనను. భూమి మీదికి గురిపెట్టిన యాంటీమ్యాటర్ ఫిరంగి చుట్టూ బ్యారీ పరిగెడుతుంటాడు. వేగం పెరిగేకొద్దీ ఒళ్లు ఎండిపోతుంది, కాలం చిరిగిపోయి అతను పాత రోజుల్లోకి జారుతుంటాడు. అంతకు ముందు 2వ సంచికలో బ్యాట్‌మన్ కళ్ల ముందు మెరుపులా కనిపించి మాయమైన, బొమికల గూడులా ఉన్న ఫ్లాష్ ఎవరో మనకి అప్పుడు అర్థమవుతుంది. చివరికి ఖాళీ దుస్తులు, ఉంగరం మిగులుతాయి. తోటి హీరోల్లో ఒక్కడైనా అక్కడ లేడు. ఉన్నది సైకో-పైరేట్ అనే ఒక పిరికి విలన్.

ఇంత బాగున్నా, తూకం వేస్తే ఇది సూపర్‌గర్ల్ చావు కంటే తక్కువే అంటాను. ఫిరంగి పేలితే బ్యారీ కూడా ఉండడు, పేలకుండా ఆపితేనూ ఉండడు. ఎంచుకోవడానికి రెండో దారి లేదు. ఈ చావుకి బరువు ఇచ్చింది ఆ సంచిక కాదు, ఆ తర్వాత గడిచిన ఏళ్లు. 12వ సంచికలో అతని శిష్యుడు, ఒకప్పటి కిడ్ ఫ్లాష్ వాలీ వెస్ట్, ఆ దుస్తులు తొడుక్కుంటాడు. 1987లో వాలీ పేరిట కొత్త సిరీస్ మొదలైంది. ఆ వాలీ గురువంత వేగంగా పరిగెత్తలేడు, గురువంత మంచివాడు కూడా కాదు. డబ్బు పిచ్చి, నోటి దురుసు, పైగా లోపల ఒకటే బెంగ, ఈ పేరుకి తను తగనని. ఆ బెంగ తీరడానికి అతనికి ఏళ్లు పట్టింది. బ్యారీ చేసిన పని ఎంత పెద్దదో ఫిరంగిని చూస్తే నాకు తెలియలేదు, కుంటుకుంటూ వెనక పరిగెత్తిన వాలీని చూస్తే తెలిసింది.

సినిమాలు మాత్రమే చూసినవాళ్లకి 2019లో వచ్చిన ఎవెంజర్స్: ఎండ్‌గేమ్‌లో టోనీ స్టార్క్ చావు గుర్తుంటుంది. అక్కడా ఇదే కిటుకు. పందెం సగం విశ్వం, తర్వాత మొత్తం విశ్వం. కానీ రచయితలు ముందే ఒక కూతుర్ని పెట్టి, "పోయినవాళ్లని తెద్దాం గానీ ఈ ఐదేళ్లలో నాకు దొరికింది పోకూడదు" అని టోనీ చేత షరతు పెట్టించారు. థియేటర్లో జనం ఏడ్చింది ఆ షరతు గుర్తొచ్చి.

కొందరు ఇంకో అభ్యంతరం చెబుతారు. ఈ చావులన్నీ ఆఫీసులో కూర్చుని నిర్ణయించినవేనట, వీటిని పట్టుకుని త్యాగం అదీ ఇదీ అనడం అమాయకత్వమట. సంగతి నిజమే. సూపర్‌గర్ల్ పోవడానికి ఒక కారణం, క్రిప్టాన్ గ్రహం నుంచి బతికి బయటపడ్డవాడు సూపర్‌మ్యాన్ ఒక్కడే ఉండాలని ఆ కామిక్స్ వేసే డీసీ కంపెనీ వాళ్లు అనుకోవడం. 1988లో రెండో రాబిన్ జేసన్ టాడ్ బతకాలా చావాలా అన్నది ఏకంగా ఫోన్ ఓట్లతో తేల్చారు. చావాలని 5,343, బతకాలని 5,271. కేవలం 72 ఓట్ల తేడా. కాస్మిక్ కథ కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను. కానీ కారణం ఆఫీసులో పుట్టినంత మాత్రాన పేజీ మీద జరిగింది అబద్ధం అయిపోదు. ఒక్కోసారి ఆఫీసు గొడవే కథని కాపాడుతుంది కూడా. జీన్ గ్రే విషయంలో అదే జరిగింది.

ఎక్స్-మెన్ 137వ సంచిక, 1980. క్రిస్ క్లేర్‌మాంట్ రచన, జాన్ బర్న్ బొమ్మలు. అప్పటికి జీన్ గ్రే ఫీనిక్స్ శక్తితో డార్క్ ఫీనిక్స్‌గా మారి, ఆకలేసి ఒక నక్షత్రాన్ని మింగేసింది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద ఉన్న 500 కోట్ల మంది ఆ పూటతో సరి. ఇది జరిగింది 135వ సంచికలో. రచయితలు మొదట అనుకున్న ముగింపులో షీ'ఆర్ సామ్రాజ్యం వాళ్లు ఆమె శక్తులు తీసేస్తారు, ఆమె మామూలు మనిషిగా ఇంటికొస్తుంది. బొమ్మలు కూడా గీసేశారు. అప్పుడు మార్వెల్ ఎడిటర్-ఇన్-చీఫ్‌గా ఉన్నది ఎవరనుకున్నారు, మన ఫెర్రో ల్యాడ్ షూటర్. 500 కోట్ల మందిని చంపి శిక్ష లేకుండా ఇంటికి పోవడమేమిటని ఆయన అడ్డం పడ్డాడు. చివరి పేజీలు మళ్లీ గీశారు. పాత ముగింపు ఎలా ఉండేదో చూడాలనుకునేవాళ్ల కోసం 1984లో దాన్నీ విడిగా అచ్చువేశారు. చదివితే షూటర్ మొండితనానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. బాగానే ఉంటుంది గానీ, అంతకు మించి ఏమీ ఉండదు.

అచ్చయిన ముగింపులో ఏం జరుగుతుంది? చంద్రుడి మీద ఎక్స్-మెన్ ఆమె ప్రాణం కోసం షీ'ఆర్ సైన్యంతో పోరాడి చిత్తుగా ఓడిపోతారు. ఆ టెన్షన్‌లో ఆమె లోపలి ఫీనిక్స్ మళ్లీ లేస్తుంది. దాన్ని ఎంతోసేపు అదుపులో పెట్టలేనని జీన్‌కి తెలుసు. ఇంకా తను తనుగా ఉన్న ఆ కాస్త వ్యవధిలో, ప్రేమించిన స్కాట్ కళ్ల ముందే, ఆ శిథిలాల్లో దాగి ఉన్న పాత ఆయుధానికి తనే బలవుతుంది.

ఇక్కడ లెక్క చూడండి. నేను మొదట చెప్పిన తక్కెడ పూర్తిగా తిరగబడింది. జీన్ ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే విశ్వానికి ప్రమాదం గానీ, ఆమెకి ఏ ప్రమాదమూ లేదు. బతుకుతుంది, అదీ దేవతలా. చావమని ఆమెను అడిగినవాళ్లు శత్రువులు. అయినవాళ్లంతా బతకమనే కొట్లాడుతున్నారు. ఆమె చేతిలో బోలెడంత మిగిలి ఉంది, ఆ మిగిలినదంతా వదులుకుంది. దేవతగా బతకగలిగి కూడా మనిషిగా చనిపోవడమే ఆమెకి ముఖ్యమైందని ఆ సంచిక చివర్లో, పైనుంచి అన్నీ గమనిస్తుండే వాచర్ అనేవాడు అంటాడు. కాస్మిక్ కామిక్స్‌లో ఇంతకంటే బరువైన క్లైమాక్స్ నేను చదవలేదు.

ఇక్కడికొచ్చాక తిరిగి రావడం గురించి మాట్లాడొచ్చు. 1986 నాటి ఫెంటాస్టిక్ ఫోర్ 286వ సంచికలో జీన్ తిరిగొచ్చింది. మొదటి ఐదుగురు ఎక్స్-మెన్‌నీ కలిపి ఎక్స్-ఫ్యాక్టర్ అనే సిరీస్ పెట్టాలనుకున్నారు, ఐదో మనిషిగా ఆమె కావాలి. ఎలా తెచ్చారంటే, న్యూయార్క్ జమైకా బే నీళ్ల అడుగున ఒక గూడులో అసలు జీన్ ఇన్నాళ్లూ నిద్రపోతోందట. నక్షత్రాన్ని మింగింది, చంద్రుడి మీద చచ్చిపోయింది, ఆమె రూపం ఎత్తిన ఫీనిక్స్ శక్తట. ఇక్కడ కూడా షూటర్ షరతు ఉంది. గ్రహాన్ని చంపిన పాపం ఆమె మెడకి చుట్టుకోకుండా ఉంటేనే తీసుకురావాలన్నాడు. ఆయన నీతి ఆయనకి సరిగ్గానే ఉంది. కాకపోతే పాపాన్ని తుడిచిన ఆ గుడ్డే ప్రాయశ్చిత్తాన్నీ తుడిచేసింది. నాకు ఒళ్లు మండేది అందుకే. జీన్ బతికొచ్చినందుకు బాధ లేదు. "చచ్చింది నేను కాదు" అంటూ వచ్చినందుకు బాధ.

హాల్ జోర్డన్‌కీ ఇదే జరిగింది. గ్రీన్ లాంటర్న్‌గా ఉన్నవాడు, 1993లో తన ఊరు కోస్ట్ సిటీ 70 లక్షల మందితో సహా నాశనమైపోయాక మతి చలించి, 1994లో తన దళాన్నే తుడిచిపెట్టి పారలాక్స్ అనే విలన్ అయ్యాడు. 1996లో వచ్చిన ది ఫైనల్ నైట్‌లో, 1967 నాటి ఆ సన్-ఈటరే మళ్లీ ఊడిపడితే, ఆరిపోయిన సూర్యుణ్ని వెలిగించి చనిపోయాడు. పాత పద్దులన్నీ ఒక్క చావుతో కొట్టేయించుకునే ఇలాంటి త్యాగాలంటే నాకు కొంచెం అనుమానమే. అయినా అతని చేతులకి రక్తం ఉంది కాబట్టి, ఆ చావుకి ఒక అర్థం ఉంది. 2004లో మొదలైన గ్రీన్ లాంటర్న్: రీబర్త్‌లో తేల్చిందేమిటంటే, అదంతా హాల్ చెయ్యలేదు, పారలాక్స్ అనేది అతనిలో దూరిన భయపు పురుగు. జీన్ కేసుకి ఇది జిరాక్స్ కాపీ. నేరం లేనప్పుడు ఆ సూర్యుడి దగ్గర అతను తీర్చుకున్న బాకీ ఏమిటి?

దీనికి పక్కన బ్యారీ ఆలెన్‌ని పెట్టి చూడండి. అతనూ 2008లో తిరిగొచ్చాడు. రెండు దశాబ్దాల పైమాటే. ఫిరంగిని ఆపింది నేను కాదు, వేరే ఎవరో అని అతనెప్పుడూ అనలేదు. చేసిన పని చేసినట్టే ఉంది, మనిషి వచ్చాడు. నాకేమీ ఫిర్యాదు లేదు. వాలీని పక్కకి నెట్టేశారన్న కోపం ఉంది గానీ అది వేరే విషయం.

సూపర్‌గర్ల్ విషయం ఇంకా విచిత్రం. క్రైసిస్ అయ్యాక విశ్వాల చరిత్రే తిరగరాసి, కారా అనే మనిషి అసలు పుట్టనే లేదన్నారు. చెల్లెల్ని ఎత్తుకుని ఏడ్చిన సూపర్‌మ్యాన్‌కే ఆమె గుర్తులేదు. నా సూత్రం ప్రకారం ఇది అన్నిటికంటే ఘోరం, చేసిన పనిని మూలంతో సహా పెరికేశారు. కానీ 1989లో అలన్ బ్రెన్నర్ట్ ఒక చిన్న క్రిస్మస్ కథ రాశాడు. తనని ఎవరూ పట్టించుకోవడం లేదని కుళ్లిపోతున్న డెడ్‌మ్యాన్ అనే దెయ్యం దగ్గరికి, ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి వస్తుంది. ఎవరికీ తెలియకపోయినా, మనం ఉన్నామనే ఎవరికీ గుర్తులేకపోయినా చెయ్యాల్సింది చేస్తాం అని మందలిస్తుంది. పేరడిగితే కారా అంటుంది. ఆ పేరు డెడ్‌మ్యాన్‌కి ఏమీ చెప్పదు, పాఠకుడికి అంతా చెబుతుంది. ఎడిటర్లు చెరిపేసినదాన్ని రచయిత పది పేజీల్లో త్యాగంలో ఇంకో మెట్టుగా మార్చేశాడు. అధికారికంగా ఏమీ మార్చకుండానే!

ఇలాంటి నేర్పు లేనప్పుడు ఏమవుతుందో చూడాలంటే ది థానోస్ ఇంపెరేటివ్ చదవాలి. డాన్ ఆబ్నెట్, ఆండీ లానింగ్ కలిసి 2010లో రాశారు. మృత్యువునే చంపేసి, చావు లేక పుండులా పెరిగిపోయిన ఇంకో విశ్వం మన విశ్వం మీద పడుతుంది. చివర్లో పిచ్చెక్కిన విలన్ థానోస్‌ని అటువైపే ఉంచి రెండు విశ్వాల మధ్య తలుపు మూయాలి, అంటే తలుపు మూసేదాకా లోపల ఎవరో ఒకరు ఉండాలి. నోవా, స్టార్-లార్డ్ అనే ఇద్దరు హీరోలు ఉండిపోతారు. స్టార్-లార్డ్ జట్టు గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీని బయటికి పంపేస్తారు. చక్కటి ముగింపు, ఎందుకంటే వెళ్లిపోయే అవకాశం చేతిలో ఉండగా ఉండిపోయారు. తీరా 2012కి స్టార్-లార్డ్ ఏ వివరణా లేకుండా కొత్త కథల్లో తిరుగుతున్నాడు. పోనీ, అతను రావడం నాకు సమ్మతమే. థానోస్ కూడా బయట తిరుగుతున్నాడు! వాణ్ని లోపల ఉంచడానికే కదా వాళ్లు ఉండిపోయింది? ఎలా బయటపడ్డారన్నది 2014 దాకా చెప్పలేదు. ఆ ఏడు గార్డియన్స్ సినిమా వచ్చింది. నోవా ఒక్కడే ఇంకొన్నాళ్లు పోయినవాళ్ల లెక్కలో ఉండిపోయాడు.

జిమ్ స్టార్లిన్ 1982లో రాసి, గీసిన ది డెత్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్‌ని ఇందులో కలపొచ్చా అని నాకే అనుమానం, ఎందుకంటే అందులో పోరాటం లేదు. మార్-వెల్, అంటే ఆ కెప్టెన్ మార్వెలే, క్యాన్సర్‌తో మంచం మీద పోతాడు. ఆ క్యాన్సర్ ఎక్కడిది? 1974లో, కెప్టెన్ మార్వెల్ 34వ సంచికలో, నైట్రో అనే విలన్ ఎత్తుకుపోబోయిన విషవాయువు లీకవుతుంటే మూసినప్పుడు ఒంటికి పట్టింది. అప్పుడది మామూలు సంచిక. ఎవరూ కన్నీళ్లు పెట్టలేదు, చేసినవాడికీ తెలియదు. ఎనిమిదేళ్ల తర్వాత బిల్లు వచ్చింది. థానోస్‌నే ఎదిరించిన మనిషి బతుకుని ముగించింది ఒక డబ్బా మూత. ఎంతమంది మేధావి హీరోలు ఉండి ఏం లాభం, ఈ జబ్బు గురించి ఇన్నాళ్లూ ఎందుకు పట్టించుకోలేదని అతని మిత్రుడు రిక్ జోన్స్ ఎవెంజర్స్ మీద విరుచుకుపడతాడు. మార్-వెల్ పుట్టిన క్రీ జాతికి బద్ధశత్రువులైన స్క్రల్స్ తరఫున ఒకడు వచ్చి పతకం ఇస్తాడు. ఇన్నేళ్లలో మార్-వెల్‌ని నాలుగు రోజుల ముచ్చటగా రప్పించారే తప్ప నిలకడగా తేలేదు. పేలుడులో మాయమైనవాణ్ని తేవడం సులువు. అందరూ చుట్టూ నిలబడి చూస్తుండగా మంచం మీద పోయినవాణ్ని ఏ గూడులోంచి తెస్తారు?

నా సూత్రానికి కొరుకుడుపడని కేసు ఒకటుంది. ఫెర్రో ల్యాడ్ కంటే ముందుది. 1963లో, అడ్వెంచర్ కామిక్స్ 304వ సంచికలో, లీజియన్ జట్టులో ఒకరు చావడం ఖాయమని అందులోని సాటర్న్ గర్ల్‌కి తెలుస్తుంది. ఆ ఒకరు తనే కావాలని ఆమె మాయ చేసి నాయకురాలిగా ఎన్నికై, మిగతావాళ్లని పోరులోకి రాకుండా కట్టేస్తుంది. లైట్నింగ్ ల్యాడ్ ఆ ఎత్తు పసిగట్టి, ఆమె కంటే ముందు వెళ్లి చచ్చిపోతాడు. అదే ఏడు 312వ సంచికలో అతన్ని బతికించడానికి జట్టులో కొందరు మెరుపు కింద కడ్డీలు పట్టుకుని నిలబడతారు. ఒకరి ప్రాణం పోతే అతనికి ప్రాణం వస్తుంది. మళ్లీ సాటర్న్ గర్ల్ తనకే తగిలేలా మోసం చేస్తుంది. మెరుపు తగిలి పడిపోయాక చూస్తే ఆమె కాదు. ఆమె రూపం ఎత్తి నిలబడిన ప్రోటీ, కెమేలియన్ బాయ్ పెంచుకునే ముద్దలాంటి జీవి.

విశ్వాల ఊసే లేని త్యాగం. చావడానికి పోటీలు పడి ఒకరినొకరు మోసం చేసుకుంటున్న పిల్లల మధ్య, ఎవరి లెక్కలోనూ లేని పెంపుడు జంతువు గెలిచింది. తర్వాత కెమేలియన్ బాయ్‌కి ఇంకో ప్రోటీని తెచ్చిపెట్టారు, దానికి ప్రోటీ 2 అని పేరు. అంత తేలిగ్గా పోయింది.

ఇక 1990ల మొదట్లో లీజియన్ రచయితలు ఒక బాంబు పేల్చారు. ఆనాడు కళ్లు తెరిచింది లైట్నింగ్ ల్యాడ్ కాదట. అతని ఒంట్లోకి చేరింది ప్రోటీ ప్రాణమట. అప్పట్నుంచీ అతని పేరుతో పోరాడింది, సాటర్న్ గర్ల్‌ని పెళ్లాడింది, పిల్లల్ని కన్నది, ఆ ప్రోటీయే. ఫ్యాన్స్ చాలామంది దీన్ని తిట్టిపోశారు, ఇప్పటికీ తిడతారు. నా సూత్రం ప్రకారం నేనూ తిట్టాలి, ఇది కూడా "అది నేను కాదు" రకమే. కానీ తిట్టలేను. జీన్, హాల్ కేసుల్లో చేసినవాడి చేతిలోంచి పనిని లాగేసుకున్నారు. ఇక్కడ 1963లో లైట్నింగ్ ల్యాడ్ చేసిన పనిని, ఎనిమిది నెలలకే రద్దు చేసినదాన్ని, తెచ్చి మళ్లీ అతని చేతిలో పెట్టారు. అతను నిజంగానే పోయాడు, ఆమె కోసమే పోయాడు. ఇక ప్రోటీ అంటారా, ఒక రోజు చావడానికి ఒప్పుకున్న జీవి ఏళ్ల తరబడి ఇంకొకడి బతుకు బతకాల్సి వచ్చింది. రెండింట్లో ఏది ఎక్కువో నేనింకా తేల్చుకోలేదు.